తొట్టిలో ఒక అన్న, ముగ్గురు చెల్లెళ్ళు

ఆ ఆదివారం ఉదయం జయప్రకాశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినాలి, భార్యను బండి మీద ఎక్కించుకోవాలి, చేపల దుకాణానికి వెళ్ళి నాలుగు పసుపు చేపలు కొనాలి, అన్నం వేళకి ఇల్లు చేరాలి. తమిళనాడు ధర్మపురిలో టైల్స్ పనులు పట్టే మేస్త్రీకి ఇంతకంటే పెద్ద పథకాలు రోజూ ఉంటాయి. అవన్నీ ఎలాగో ఒకలా నెరవేరుతూనే ఉంటాయి.

కొత్త ఇంట్లో ఉన్నవన్నీ అతని తల్లి మారమ్మ ఎంచినవే. వాకిలి ఏ దిక్కుకు తెరవాలి, వంటగట్టు ఏ రంగులో ఉండాలి, చివరికి కాలింగ్ బెల్లులో ఏ పక్షి కూయాలి అన్నది కూడా ఆమే తేల్చింది. మారండహళ్ళి నుంచి ఆ ఇంటి కోడలిగా వచ్చిన కవిప్రియ ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇల్లు పూర్తయ్యాక ఒకే ఒక్కటి అడిగింది. హాల్లో గోడవార ఒక చేపల తొట్టి, అందులో పసుపు రంగు సిక్లిడ్లు. ఫోన్లో వాటిని చూసి చూసి ఆమెకు వాటి గుణాలన్నీ తెలిసిపోయాయి. ఈ ఊరి బోరు నీళ్ళు ఉప్పగా, గడుసుగా ఉంటాయి, చాలా రకాల రంగు చేపలు వాటిలో వాడిపోతాయి. ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చిన ఈ చేపలకు మాత్రం అలాంటి నీళ్ళే ఇష్టం. మన బోరు నీళ్ళను మెచ్చుకున్న ప్రాణి ఇదొక్కటే అయి ఉంటుందని జయప్రకాశ్ కూడా ఒప్పుకున్నాడు. తొట్టి వచ్చింది, ఇసుకా రాళ్ళూ వచ్చాయి, నీళ్ళు కుదురుకోవడానికి కొన్ని వారాలు చేపలు లేకుండానే తిరిగాయి. ఇక చేపలు రావడమే తరువాయి.

బండి స్టార్ట్ చేసేసరికి మారమ్మ చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"యాడికి మా?" అన్నాడు జయప్రకాశ్.

"మీతోనే. ఇంట్లోకి కొత్త ప్రాణాలు వస్తా ఉంటే ఎట్లాంటివో చూడకుండా తెస్తారా? కోడల్ని తెచ్చేటప్పుడు నేను పోయి చూడలేదా?"

బండి మీద ముగ్గురు పట్టరు కాబట్టి ఆటో పిలిచారు.

కుమరేశన్ దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. ఆ సన్నటి గదిలో నేల నుంచి కప్పు దాకా గాజు తొట్లే. అక్కడ మాటలన్నీ తమిళంలో సాగాయి. మారమ్మకు తెలుగులో కంటే తమిళంలోనే గట్టిగా మాట్లాడటం వచ్చు. కవిప్రియ ఒక తొట్టి ముందు ఆగిపోయింది. లోపల నిమ్మపండు తొక్క రంగు చేపలు, వీపు రెక్క అంచున కాటుక గీసినట్టు నల్లటి గీత. ఆమె గాజు మీద వేలు పెట్టింది. ఒక చేప వచ్చి ఆ వేలిని పరీక్షగా చూసింది.

"ఇవే," అంది కవిప్రియ.

"జతగా రెండియ్యప్పా," అంది మారమ్మ. "మొగుడూ పెళ్ళాం."

కుమరేశన్ తల అడ్డంగా ఊపాడు. "రెండైతే బతకవమ్మా. ఇవి కోపిష్టి జాతి. ఆడది ఒక్కటే ఉంటే మగది దాన్ని తరిమి తరిమి చంపేస్తుంది. మగవి రెండుంటే వాటిలో అవే కొట్టుకుంటాయి. ఒక మగది, మూడు ఆడవి పెట్టుకోండి. తొట్టి నెమ్మదిగా ఉంటుంది."

"ఒకడికి ముగ్గురా?"

"మూడుంటే వాడి కన్ను ఒకదాని మీదే ఉండదమ్మా. అందరికీ కొంచెం కొంచెం."

మారమ్మ ముఖం గడియ పెట్టిన తలుపులా అయిపోయింది. దానికి కారణం ఉంది. ఆమె భర్త తిమ్మప్ప వయసులో సేలం-బెంగళూరు దారిలో లారీ నడిపేవాడు. ఆ రోజుల్లో ఆయన లారీ తొప్పూరు కనుమ దగ్గర తరచుగా చెడిపోయేది. యజమాని కొత్త లారీ ఇచ్చాక కూడా అక్కడే చెడిపోయేది. ఎందుకు చెడిపోయేదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. ఇప్పుడు ఆయన హాల్లో వాలుకుర్చీలో టీవీ ముందు కూర్చుని, పెట్టింది తిని, అడిగినప్పుడు మాత్రం మాట్లాడే సాధుజీవి.

"పదండి," అంది మారమ్మ. "అట్లాంటి కాపురం నా కొత్తింట్లోకి రాదు. అద్దాల పెట్టెలో పెట్టి అందరికీ చూపించేదానికి అదేమన్నా గొప్పా?"

 కవిప్రియ గాజు మీద నుంచి వేలు తీసేసింది. జయప్రకాశ్ ఆ వేలిని చూశాడు. ఎక్కడైనా రాయి పగిలితే చేతికందిన ముక్క పెట్టి అతికించేయడం అతని వృత్తి ధర్మం. ఇక్కడా అదే చేశాడు.

"అమ్మా, నువ్వు అనుకునేట్టు కాదు. ఇవి మొగుడూ పెళ్ళాలు కావు. నాలుగూ ఒక తల్లి బిడ్డలు. ఒక అన్న, ముగ్గురు చెల్లెళ్ళు."

కుమరేశన్ ఆశ్చర్యంగా అతని వైపు చూశాడు. జయప్రకాశ్ కళ్ళతోనే బతిమాలుకున్నాడు. కుమరేశన్ "ఆమా" అని అవునన్నట్టు తల ఊపి వల చేతిలోకి తీసుకున్నాడు.

మారమ్మ ముఖం తెరుచుకుంది. "అట్లైతే సరి. అన్నాచెల్లెళ్ళు ఒకచోట ఒద్దికగా ఉండేది ఈ కాలంలో యాడ చూస్తాం? కానీ జయా, ఒకటి విను. వరస తప్పిన పని ఏదన్నా నా కంట పడిందో, ఆ రోజే తొట్టి వీధిలోకి పోతుంది."

చేపలు ఇంటికి వచ్చాయి. కవిప్రియ వాటిని తొట్టిలోకి వదిలి, ఆ సాయంత్రమంతా వంటింటికీ హాలుకీ మధ్య అవసరానికి మించి తిరిగింది. ఒక అబద్ధంతో ఇంత మేలు జరిగితే అది అబద్ధం కిందికి రాదని జయప్రకాశ్ తనకు తాను చెప్పుకున్నాడు. వచ్చిన చిక్కల్లా, మారమ్మ ఆ అబద్ధాన్ని అతనికంటే బాగా పెంచింది.

మగచేపకు ఆమె పెద్దోడు అని పేరు పెట్టింది. మధ్యాహ్నం పూట తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. పెద్దోడు ఇసుక తోడి గుంత చేస్తే, "చెల్లెలికి ఇల్లు కడతా ఉండాడు," అనేది. ఆడచేప ఎదురైనప్పుడు పెద్దోడు రెక్కలు విప్పి ఒళ్ళంతా వణికిస్తే, "తోబుట్టువు ఎదురుపడితే వాడికి ఎంత భయం, ఎంత భక్తి, చూసినావా?" అని కోడల్ని పిలిచి చూపించేది. ఆ వణుకుకు అర్థమేమిటో ఫోన్లో ఎన్నోసార్లు చూసిన కవిప్రియ, "అవునత్తా" అని వంటింట్లోకి వెళ్ళి భర్తతో మెల్లగా అంది: "ఇదో, ఇది మంచికి దారితీసేట్టు లేదు."

పక్కింటి ముత్తుసెల్వి చూడటానికి వచ్చింది. ఆమె పేరు తమిళమైనా ఇంట్లో మాట్లాడేది వీళ్ళలాగే తెలుగు. పెద్దోడి భక్తి చూసి ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అక్కడే నిలబడి తన తమ్ముడు కన్నప్పన్‌కి ఫోన్ చేసింది. "ఆడి నెల వచ్చింది. అక్క ఉండాదని గుర్తుందా నీకు? ఈడ చేప కూడా ముగ్గురు చెల్లెళ్ళని చూసుకుంటా ఉంది. నీకేం తక్కువ?" తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో తోడబుట్టిన ఆడవాళ్ళకు చీర, పళ్ళు, తీపి తీసుకురావడం అక్కడి ఆనవాయితీ. దాన్నే సీరు అంటారు. మరునాడే కన్నప్పన్ చీర, అరటిగెల పట్టుకుని వచ్చాడు. తనను చేపతో ఎందుకు పోల్చారో అర్థం కాక, తొట్టి ముందు చాలాసేపు నిలబడి వెళ్ళాడు.

ఆ చీర వీధంతా తిరిగింది. తరువాత వీధిలోని ఆడవాళ్ళు తమ తమ అన్నదమ్ముల్ని తొట్టి దగ్గరకు పిలుచుకు రావడం మొదలుపెట్టారు. జయప్రకాశ్ పని నుంచి వచ్చేసరికి హాల్లో ఎవరో ఒకరి తమ్ముడు తలవంచుకుని నిలబడి ఉండేవాడు. ఆడవాళ్ళ పొదుపు సంఘం సమావేశం కూడా అక్కడికే మారింది. తిమ్మప్పకు టీవీ కనబడటం లేదు గానీ ఆయన ఫిర్యాదు చేయలేదు. ఒకరోజు పనిచోట, బాత్రూము టైల్స్ చూడటానికి వచ్చిన ఇంటి యజమాని లెవెల్ చూడటం మానేసి, "మీ ఇంట్లో చేప చెల్లెళ్ళకి సీరు పెడుతుందంట, నిజమా?" అని అడిగాడు. జయప్రకాశ్ సిమెంటు కలుపుతూ ఉండిపోయాడు.

అలా ఉండగా చేపల్లో ఒకటి తిండి మానేసింది. గింజలు వేస్తే మిగతా మూడూ ఎగబడేవి, అది మాత్రం రాతి చాటున మూతి బిగించుకుని ఉండేది. దవడ కింద కొంచెం ఉబ్బింది.

"అలిగింది," అని తేల్చింది మారమ్మ. "ఆడి సగం గడిచింది. పెద్దోడు దానికేం పెట్టినాడు? మట్టి తోడితే సరిపోతుందా?"

అంతటితో ఆగలేదు. బి. మల్లాపురంలో ఉన్న తన అన్న మాదయ్యకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మంది. మాదయ్య సామాన్యుడు కాడు. వాళ్ళ బంధువుల్లో ఎక్కడ వరస కుదరకపోయినా ఆయన్నే పిలుస్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరిని ఎవరు చేసుకోవచ్చో, చేసుకోకూడదో ఆయన నాలుక చివర ఉంటుంది. ఆయన కాదన్న పెళ్ళిళ్ళు ఎన్నో పందిరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఈ అన్నాచెల్లెళ్ళను ఆయనకు చూపించాలని మారమ్మ కోరిక.

ఆ సాయంత్రం కవిప్రియ భర్తను మేడ మీదకు పిలిచి విషయం చెప్పింది. "అది అలగలేదు. నోట్లో గుడ్లు పెట్టుకొని ఉంది. ఈ జాతి అంతే. పిల్లలు అయ్యేదాకా నోట్లోనే మోస్తుంది, ఏమీ తినదు."

జయప్రకాశ్‌కి విషయం మెల్లగా తలకెక్కింది. "పిల్లలా? ఇంట్లో? మాదయ్య మామ ముందరా?"

"మీరే కదా అన్నాచెల్లెళ్ళు అనింది."

మరునాడు పని మధ్యలో వదిలి కుమరేశన్ దుకాణానికి పరుగెత్తాడు. కుమరేశన్ సంగతి విని సంతోషించాడు. "మంచి కబురు కదన్నా. నీళ్ళు కుదిరినాయన్నమాట."

"నీళ్ళు కుదిరినాయి, కొంప కుదరలేదు. నాకు ఒక్క మాట సాయం చెయ్. మా అమ్మ అడిగితే, అవి వేరే వేరే తల్లుల బిడ్డలని చెప్పు. నేను ఆ రోజు ఏదో నోటికొచ్చి అబద్ధం చెప్పినాను."

కుమరేశన్ అతన్ని వింతగా చూశాడు. "అబద్ధమా? అవి నిజంగానే ఒక తల్లి బిడ్డలు కదన్నా. ఈ మూల తొట్టిలోనే పుట్టినాయి, నా చేత్తో పెంచినాను. ఆ రోజు నువ్వు చెప్తే నేనే ఆశ్చర్యపోయినాను, ఈయనకెట్లా తెలిసిందబ్బా అని."

దుకాణంలో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద జయప్రకాశ్ కూలబడ్డాడు. అబద్ధమని అనుకున్నది నిజం. ఇప్పుడు నిజం చెబితే తొట్టి వీధిలో పడుతుంది, అబద్ధం చెబుదామంటే నిజం అడ్డం వస్తోంది. టైల్స్ పనిలో ఇలాంటి మూల ఎప్పుడూ తగల్లేదు.

ఇంటికి వచ్చి, తల్లి నిద్రపోతున్న వేళ చూసి, చొక్కా చేయి భుజం దాకా మడిచి తొట్టిలో చేయి పెట్టాడు. ఆ ఒక్క చేపనూ పట్టి, మాదయ్య వచ్చి వెళ్ళేదాకా కుమరేశన్ దగ్గర ఉంచుదామని ఆలోచన. చేప ఒక రాతి చాటుకు పోయింది, అతను ఆ రాయి తీశాడు. అది ఇంకో రాతి చాటుకు పోయింది. నీళ్ళు బురదై, రాళ్ళన్నీ ఒక మూలకు చేరాక వెనక నుంచి మారమ్మ గొంతు వినిపించింది.

"ఏమిరా చేస్తా ఉండావు?"

"అది... తిండి తినలేదు కదా మా. అంగడికి తీసుకుపోయి చూపిద్దామని."

"అలిగిన ఆడబిడ్డని జుట్టు పట్టి బయటకి లాగుతావా? తియ్ చెయ్యి. మా అన్న వచ్చి నచ్చజెప్తాడు, తినకుండా యాడికి పోతుంది?"

కవిప్రియ తువాలు అందిస్తూ తగ్గు గొంతుతో, "దాన్ని బెదిరిస్తే పిల్లల్ని మింగేస్తుందంట. వదిలేయండి," అంది. ఆమె కళ్ళు తొట్టి మీదే ఉన్నాయి. ఆ తొట్టి ఆదివారం తరువాత ఆ గోడవార ఉంటుందో ఉండదో ఇద్దరికీ తెలియదు.

ఆదివారం మాదయ్య వచ్చాడు. చెల్లెలికి చీర తెచ్చాడు, తిమ్మప్పకు పంచె తెచ్చాడు. చేపకు సీరుగా ఏం పెట్టాలో తెలియక ఒక కొబ్బరికాయ తెచ్చాడు. ముత్తుసెల్వి, పొదుపు సంఘంలో సగం మంది అప్పటికే హాల్లో చేరారు. పొయ్యి మీద కోడి కూర ఉడుకుతోంది. మాదయ్య తొట్టి ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, చేపతో అన్నాడు:

"చూడు తల్లీ. తోడబుట్టినవాడు తక్కువ చేసినాడని కడుపు మాడ్చుకోకూడదు."

చేప రాతి చాటు నుంచి మెల్లగా బయటికి వచ్చింది. మాదయ్య మాటకు ఇంత శక్తి ఉందా అని అందరూ ముందుకు వంగారు. చేప నోరు తెరిచింది. నోట్లోంచి నువ్వుగింజంత కళ్ళున్న పిల్లలు ఒకటొకటిగా బయటికి వచ్చి, గుంపుగా దాని మూతి చుట్టూ నిలబడ్డాయి. ముత్తుసెల్వి అదిరిపడి ముందుకు జరిగేసరికి అవన్నీ తిరిగి తల్లి నోట్లోకి దూరాయి.

"బిడ్డల్ని తినేసింది," అన్నారు ఎవరో.

"తినలేదు," అంది కవిప్రియ. ఇంతమందిలో ఆమె గొంతు విప్పడం అదే మొదటిసారి. "దాచుకుంది. ఇన్నాళ్ళు తిండి లేకుండా నోట్లోనే మోసింది. అలిగింది కాదు."

ఆడవాళ్ళంతా మెత్తబడ్డారు. ఇద్దరు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ మెత్తదనంలోంచి ముత్తుసెల్వి నెమ్మదిగా అడిగింది. "బిడ్డలు సరే. తండ్రెవరు?"

తొట్టిలో మగవాడు ఒక్కడే. ఆ సమయానికి వాడు రెండో చెల్లెలి ముందు నిలబడి భయభక్తులతో వణుకుతున్నాడు.

మాదయ్య కళ్ళు మూసుకున్నాడు. కొబ్బరికాయ చేతిలోంచి తీసి నేల మీద పెట్టాడు. "మారమ్మా, ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకుని నన్ను అన్నానికి పిలిచినావా?"

 మారమ్మ తొట్టిని చూసింది, కోడల్ని చూసింది, చివరికి కొడుకుని చూసింది. జయప్రకాశ్ లేచి నిలబడ్డాడు.

"మామా, తప్పు నాదే. అవి అన్నాచెల్లెళ్ళు కావు. అంగట్లో నేను అబద్ధం చెప్పినాను. మొగుడూ, ముగ్గురు పెళ్ళాలూ. అంతే." తాను ఒప్పుకుంటున్నది నిజమో అబద్ధమో అతనికే అంతుబట్టలేదు.

హాలంతా మారమ్మ వైపు తిరిగింది. ముగ్గురు పెళ్ళాల మాట ఆమె ముందు ఎత్తడం ఏమిటో తెలిసినవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది.

"ఆమా అన్నా," అంది తాపీగా. "ముగ్గురు పెళ్ళాలే. అంగట్లో వాడు ముందే చెప్పినాడు నాకు. ఇప్పుడేమైంది? మగపుట్టుక, ఉంటారు. ముగ్గురూ కొట్లాడకుండా ఒక ఇంట్లో లేరా? కాపురమంటే అదీ."

వాలుకుర్చీలో తిమ్మప్ప టీవీ శబ్దం తగ్గించాడు. "అట్లనా?" అన్నాడు.

"నువ్వు టీవీ చూడు," అంది మారమ్మ.

మాదయ్య కళ్ళు తెరిచాడు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "మొగుడూ పెళ్ళాలైతే ఇంకేం చిక్కు? ఎంతమందైనా వరస వరసే. నేను ఇంకేదో అనుకున్నాను." కొబ్బరికాయ మళ్ళీ చేతిలోకి తీసుకుని కవిప్రియకు ఇచ్చాడు. "బాలింతకి పెట్టమ్మా."

"చేపలు కొబ్బరి తినవు పెదనాన్నా," అంది కవిప్రియ. తరువాత అత్త వైపు తిరిగింది. "అత్తా, మరి తొట్టి?"

"తొట్టికేం? చంటిబిడ్డలుండే ఇల్లు. యాడికి కదుపుతాం?" అంది మారమ్మ. కొడుకు పక్కగా వెళుతూ, అతనికి మాత్రమే వినబడేలా అంది: "ఇంకోసారి అబద్ధం చెప్పాలనిపిస్తే ముందు నన్ను అడుగు. నీకు చేత కాదు."

అందరూ తేరుకున్నారు. కవిప్రియ తొట్టి దగ్గరే నిలబడిపోయింది, ఆమెను వంటింట్లోకి ఎవరూ పిలవలేదు. అంతా సర్దుకుందని జయప్రకాశ్ ఊపిరి వదిలేలోగా మాదయ్య తల తిప్పాడు. వరసల మనిషికి ఏ ముడీ సగంలో వదిలే అలవాటు లేదు.

"అది సరే గానీ అల్లుడూ, అన్నాచెల్లెళ్ళని చెప్పాలని నీకెట్ల తోచింది? ఊరికే తోచదే అట్లాంటిది. అంగట్లో వాడేమన్నా చెప్పినాడా?"

కుమరేశన్ మాట జయప్రకాశ్ నాలుక చివరికి వచ్చి నిలబడింది. మాదయ్య చూస్తున్నాడు. మారమ్మ చూస్తోంది. గాజు పక్కన కవిప్రియ కూడా చూస్తోంది.

"కోడి కూర బాగుంది మామా," అన్నాడు జయప్రకాశ్.

కూర ఇంకా పొయ్యి మీదే ఉంది.